కార్డు లేని ట్యాగు

మాదాపూర్‌లో నేనున్న హాస్టల్లో ఆఫీసుకు వెళ్లే అమ్మాయిలకే పొద్దున డబ్బా కడతారు. మిగతావాళ్లు మధ్యాహ్నం కిందికొచ్చి తినాలి. కాంట్రాక్టు ముగిసి నా ఉద్యోగం పోయాక కూడా నేను డబ్బా తీసుకుంటూనే ఉన్నాను. మధ్యాహ్నం కింద కనిపిస్తే అందరికీ తెలిసిపోతుంది.

ఆఫీసువాళ్లు ఐడీ కార్డు తీసేసుకున్నారు గానీ మెడలో వేసుకునే నీలం ట్యాగు అడగలేదు. అదే వేసుకుని, కార్డు ఉండాల్సిన కొసను కుర్తా జేబులో దోపుకుని, తొమ్మిదింటికి బయటపడేదాన్ని. రైలెక్కి లింగంపల్లి వెళ్లి, ప్లాట్‌ఫాం చివరి బెంచీ మీద కూర్చుని ఫోన్లో ఉద్యోగాలకు అప్లై చేసేదాన్ని. చాలావాటికి జవాబే వచ్చేది కాదు. మిగతా పొద్దంతా నవల చదువుకునేదాన్ని. కొన్నాళ్లు డైరీలో కూడా ‘ఆఫీసుకు వెళ్లాను’ అనే రాశాను. డైరీకి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏమిటో ఇప్పటికీ తెలియదు.

డబ్బాలు కట్టే అక్క బోరబండ నుంచి వచ్చేది. ఒకరోజు నా చేతిలో ఒక కాగితం పెట్టింది. కూతురి రెజ్యూమె.

“మా పెద్దది ఇంజనీరింగ్ చేసి ఇంట్లనే కూసున్నది. మీ ఆఫీసుల జర చెప్పరాదు బిడ్డా. రెఫరల్ అంటరంట గద.”

నిజం అప్పుడే చెప్పి ఉండాల్సింది. “సరే అక్కా” అన్నాను.

వారం తర్వాత “ఇచ్చినవా?” అని అడిగింది.

“రెఫర్ చేశానక్కా. పిలుస్తారు.”

మర్నాటి నుంచి నా డబ్బాలో అన్నం కింద ఉడికించిన గుడ్డు ఉండేది. రూమ్మేట్‌ని అడిగితే ఆమె డబ్బాలో లేదంది. ఆ గుడ్డు లింగంపల్లి బెంచీ మీద రోజూ తిన్నాను. ఆకలేసేది.

ఒక పొద్దున అక్క పప్పు గరిటె పట్టుకునే చెప్పింది.

“మొన్న గచ్చిబౌలిల వాకిన్ ఇంటర్వ్యూ ఉండె. దీని దోస్తులంత పోయిన్రు, ఇద్దరికి వచ్చింది. ఇది పోలె. హాస్టల్ అక్క రెఫర్ చేసింది కద, రెండు తాన్ల పెడితే మంచిగుండదన్నది.” నవ్వింది. “దానికి నియ్యత్ ఎక్కువ.”

నేను జేబులోంచి ట్యాగు కొస తీసి చూపించాను. ఖాళీ కొక్కెం.

“నాకు ఉద్యోగం లేదక్కా. మూడు నెలలైంది. మీ పాప కాగితం ఎవరికీ ఇవ్వలేదు.”

అది నా బ్యాగులోనే, నవల మధ్యలో ఉంది. నలగకూడదని పెట్టాను. తర్వాత తర్వాత, చదవడం ఎక్కడ ఆపానో దాన్ని బట్టే చూసుకునేదాన్ని. తీసి ఇచ్చాను. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని అందుకుంది. రెండు వైపులా తిప్పి చూసింది.

“మరి రోజు యాడికి పోతున్నవ్?”

“లింగంపల్లి స్టేషన్‌కి.”

నా డబ్బా మూత నొక్కి పెట్టింది.

“రేపటి సంది కట్టాల్నా, వద్దా?”

కోపంగా అనలేదు. పొద్దున ఎన్ని డబ్బాలు కట్టాలో ఆమెకు తెలియాలి కదా.

వద్దన్నాను. మర్నాడు ఒంటిగంటకు కిందికి దిగి, ట్యాగు లేకుండా ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడ్డాను. అక్క అందరికీ వడ్డించినట్టే నాకూ వడ్డించింది. నా మొహం చూడలేదు.