పోయిన వారం చేప

“చేపను పచ్చిగా పెట్టి అంత డబ్బు గుంజడానికి నీకు సిగ్గనిపించదట్రా?”

వంట మేస్త్రి దుకాణం తెరిచిన కొత్తలో చేపలమ్మే పిన్ని మొహమ్మీదే అడిగిన మాట ఇది. “ఊరికే పచ్చిగా పెట్టను పిన్నీ, దానికి చాలా పనుంది,” అని అతను నవ్వేశాడు. ఆ పనేమిటో మాత్రం చెప్పలేదు. అదే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

మేస్త్రి సుషీ బల్ల దగ్గర ఎనిమిది కుర్చీలే ఉంటాయి. అటు తినేవాళ్లు, ఇటు కత్తితో అతను. మెనూ లేదు. అతను ఏది చేసిపెడితే అది తినాలి. జపాను వాళ్లు దాన్నే ఒమకాసే అంటారు. సుషీ అంటే చిన్న అన్నం ముద్ద, దాని మీద పచ్చి చేప ముక్క. వచ్చినవాళ్లలో కొందరు ఇదంతా ధ్యానమనీ సాధన అనీ కళ్లు మూసుకుంటారు. పెద్ద హోటల్లో ఏళ్ల తరబడి ఆమ్లెట్లు వేసి, ఆనక సుషీ నేర్పే గురువు దగ్గర బియ్యం కడగడం నుంచి మొదలెట్టిన మేస్త్రికి ఆ మాటలు వింటే ఒళ్లు మండుతుంది. అన్నం గోరువెచ్చగా ఉందా, కత్తి తెగుతోందా అన్నదే అతని గోల.

చేపంతా పిన్ని దగ్గర్నుంచే, అదీ అప్పు మీద. ఆ పొద్దున బుట్ట దించుతూ ఆమె తేల్చి చెప్పింది. “ఇవాళ్టి చేప ఇవాళే తినాలని బజారంతా అరిచి బతుకుతున్నదాన్ని. నా చేపని నువ్వేం చేస్తున్నావో సాయంత్రం తిని చూస్తా. నచ్చకపోతే రేపట్నుంచి అప్పు లేదు.”

అప్పు లేకపోతే దుకాణం లేదు.

మేస్త్రి ఏనాడూ ఆ రోజు చేపను ఆ రోజు పెట్టడు. ఉప్పు రాసి, తడి తుడిచి, కాగితం చుట్టి వారం దాకా చల్లటి పెట్టెలో ఉంచుతాడు. బిగుసుకున్న కండ అప్పటికి మెత్తబడి రుచికొస్తుంది. చేపలమ్మేవాళ్లకి వారం నాటి చేప అనడం బూతుకన్నా ఎక్కువ.

సాయంత్రం పిన్ని వచ్చి సరిగ్గా అతని ఎదురు కుర్చీలోనే కూర్చుంది. టీ పోస్తున్న భార్య అతని చెవి దగ్గరికి వంగింది.

“ఏవండీ, పొద్దున తెచ్చిందే కోసి పెట్టేయండి. ఆవిడకేం తెలుస్తుంది?”

“రబ్బరు నమిలినట్టుంటుందే.”

“రబ్బరైతే ఏం? కొట్టు నిలబడుతుంది.”

ఇవాళ్టి ముక్కా, పోయిన వారం ముక్కా కోత పలక మీద పక్కపక్కనే ఉన్నాయి. చివరి కుర్చీలో కళ్లజోడాయన, “ఎంత ప్రశాంతంగా ఉందిక్కడ!” అన్నాడు. మేస్త్రి చెయ్యి తడుపుకుని పోయిన వారం ముక్కే అందుకున్నాడు.

పిన్ని నమిలింది. చాలాసేపు నమిలింది. భార్య కెటిల్ వంచింది వంచినట్టే ఉండిపోయింది.

“నా చేపేనా?”

“నీదే పిన్నీ.”

“ఎప్పటిది?”

“పోయిన వారంది.”

కళ్లజోడాయన తన ముక్కను మెల్లగా కింద పెట్టేశాడు.

“కుళ్లబెట్టి పెడుతున్నావట్రా?” పిన్ని గొంతు పెంచలేదు. అరిచుంటేనే బాగుండేది.

“కుళ్లిందా, నువ్వే చెప్పు! ఒడ్డునే తోక దగ్గర కోసి నెత్తురంతా దించి తెస్తావు గనకే పాడవకుండా ఆగింది. ఇంకొకరిదైతే ఈపాటికి ముక్కు మూసుకునేవాళ్లం.” ఇంకో ముక్క ఆమె ముందు పెట్టాడు. “ఇది ఇవాళ్టిది. తిను.”

తిన్నది. దవడ ఆడించి ఆడించి ఎలాగో మింగింది. “చెప్పు నమిలినట్టుంది కదరా!”

భార్యకి నవ్వు గొంతులో అడ్డం పడింది. పిన్ని నవ్వలేదు.

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“చెబితే బుట్ట ఎత్తుకుపోతావని.”

“ఎత్తుకుపోయేదాన్నే.” ఆమె లేచి, భోజనం డబ్బు పూర్తిగా బల్ల మీద పెట్టింది.

“నీ దగ్గర తీసుకుంటానా పిన్నీ? బాకీలో...”

“అది వేరు, ఇది వేరు. చేపని ఎన్నాళ్లైనా మాగబెట్టుకో, నా డబ్బుని మాత్రం మాగబెట్టకు.” గుమ్మం దగ్గర ఆగింది. “రేపు బుట్ట వస్తుంది. ఈ సంగతి బజార్లో వాగావో, నా బేరం పోతుంది.”

తెల్లారి బుట్ట వచ్చింది. పిన్నికి రెండు నెలల చేపల డబ్బు ఇంకా ఇవ్వాల్సే ఉంది.