చేపల ఐసు, గుండె ఆపరేషన్లు

మొన్న వట్లూరు నుంచి ఏలూరు బజారుకి ఆటోలో వెళుతున్నాను. నేను పనిచేసి రిటైరైన ఆసుపత్రి ముందు ఎప్పటిలాగే బండ్లన్నీ ఆగిపోయాయి. నేను ఆ భవనం వైపే కన్నార్పకుండా చూస్తుంటే, ఆటో నడిపే అబ్బాయికి నా మీద జాలి కలిగినట్టుంది. "గుండెకైతే ఇక్కడే చూపించేసుకోండి బాబాయిగారూ. హైదరాబాదూ అదీ అని తిరక్కండి. మా అత్తగారికి ఇక్కడే చేసేరండి. ఇదివరకు నన్ను తిట్టాలంటే మధ్యలో ఆయాసం వచ్చి ఆగిపోయేదండి, ఇప్పుడసలు ఆగట్లేదు" అన్నాడు. ఆ గుండె ఆపరేషన్లు మొదలుపెట్టిన నలుగురిలో నేనొకణ్ణి, మత్తు డాక్టర్ని అని చెబుదామనుకుని ఊరుకున్నాను. చెబితే మాత్రం నమ్ముతాడా? సొంత బావగారినే నమ్మించలేకపోయినవాణ్ణి నేను.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో గుండెజబ్బు అని తేలగానే కలిగినవాళ్ళు రైలెక్కి హైదరాబాదో మద్రాసో పోయేవారు, లేనివాళ్ళు మంచంలోనే రోజులు వెళ్ళదీసేవారు. ఆ లేనివాళ్ళ కోసమే, మా సర్జన్ గారు, మెషీను నడిపే ఆయన, ఒక నర్సమ్మ, నేను కలిసి ఏలూరులో ఈ పని ఎత్తుకున్నాం. గుండెకి ఆపరేషన్ చేసేటప్పుడు రక్తాన్ని ఒంటి బయట ఒక మెషీనులో తిప్పుతారు. గుండె ఆగినంతసేపూ ఒళ్ళు తట్టుకోవాలంటే ఆ రక్తం చల్లబడాలి, అందుకు మెషీనులోని గొట్టాల చుట్టూ మంచులాంటి నీళ్ళు పారుతూ ఉండాలి. ఆ నీళ్ళను చల్లబరిచే యంత్రం తెచ్చుకునే తాహతు అప్పటికి మాకు లేక, తొట్టెలో ఐసుదిమ్మలు వేసేవాళ్ళం. ఆ ఐసు రోగి ఒంటికి గానీ, నెత్తురుకి గానీ ఎక్కడా తగలదు. అయితే మన ప్రాంతంలో దిమ్మల ఐసు దొరికేది ఎక్కడ? కొల్లేటి చేపల్ని పెట్టెల్లో సర్ది కలకత్తా పంపేవాళ్ళకి ఐసు పోసే ఫ్యాక్టరీలో. ఆపరేషన్ రోజు పొద్దున్నే, నీచు వాసన కొట్టే చేపల వ్యాను మా గుమ్మం ముందు ఆగేది, తడి గోనెపట్టాల్లో చుట్టిన దిమ్మలు లోపలికి మోసేవారు, ఊరంతా నిలబడి చూసేది.

ఇంకేముంది, ఏలూరులో గుండెని చేపల ఐసులో పెడుతున్నారట అన్న మాట ఉంగుటూరు దాటి తాడేపల్లిగూడెం దాకా పాకింది. మా అక్కయ్యని ఇచ్చింది గూడెంలోనే. అమ్మ చిన్నప్పుడే పోతే నాకు అన్నం కలిపి పెట్టి, తల దువ్వి బడికి పంపింది ఆవిడే. మా బావగారు పదిమందిలో పలుకుబడి ఉన్న రైతు, ఆయన ఏ డాక్టరు దగ్గరికి వెళితే ఆ వీధి వీధంతా ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళేది. ఆయనకే గుండె రక్తనాళాలు పూడుకుపోయాయని తెలిసినప్పుడు మా విభాగం మూతపడే స్థితిలో ఉంది. నెలల తరబడి కేసులు లేక, యాజమాన్యం మా నలుగురి మొహాలూ చూసి నిట్టూరుస్తున్న రోజులవి. ఆయన ఒక్కరు మా దగ్గర చేయించుకుంటే చాలు, విభాగం నిలబడుతుందని అందరం అనుకున్నాం. నా మట్టుకు నాకు మరో ఆశ కూడా ఉండేది, అక్కయ్య తన పసుపుకుంకాల్ని నా చేతుల్లో పెడుతుందని.

గూడెం వెళ్ళి ఐసు సంగతి ఆయనకి విడమరిచి చెప్పాను. "ఏవోయ్ డాక్టరూ, అంతా అయ్యాక నన్ను కూడా పెట్టెలో సర్ది కలకత్తా పంపెయ్యరు గదా?" అన్నారు. అరుగు మీద ఉన్నవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ పేరుపేరునా చెప్పగలను. అయినా చివరికి ఒప్పుకున్నారు. ఆపరేషన్‌కి ముందురోజు వచ్చి చేరాలని ఖాయం చేసుకున్నాం. ఆ రోజు నేనే దగ్గరుండి మంచం మీద కొత్త దుప్పటి పరిపించి, గేటు దగ్గర పొద్దున్నుంచీ నిలబడ్డాను.

సాయంత్రం హైదరాబాదు నుంచి అక్కయ్య ఫోను. "ఏం చెయ్యను తమ్ముడూ, మీ బావగారి అన్నదమ్ములు ఊరుకోలేదు. రేపు ఏదన్నా అయితే నలుగురూ నిన్నే అంటారు గదా" అంది. గూడెం నుంచి హైదరాబాదు వెళ్ళే రైలు ఏలూరు మీదుగానే పోవాలి. ఏలూరు స్టేషన్లో బండి ఆగినంతసేపూ అక్కయ్య కిటికీ తలుపు దించేసుకుని కూర్చుందని మా మేనకోడలు తరవాత చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది.

ఖాళీ అయిన ఆ మంచం మీదికి, గుండె కవాటం పాడై ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న ఒక అమ్మాయిని, చేపల మీద బతికే కొల్లేటి లంక ఊరి పిల్లని రప్పించాం. ఒక్కతే రాలేదు, వ్యానెక్కి ఊరి పెద్దలు, ఊళ్ళో సగంమంది వచ్చారు. రక్తం ఇవ్వాలంటే మిగతాచోట్ల మగవాళ్ళు మాయమైపోయేవారు, వీళ్ళు వరసకట్టి నిలబడ్డారు. ఐసు వ్యానుని చూసి వీళ్ళూ పారిపోతారేమోనని నేను వివరించబోతుంటే, వాళ్ళ పెద్దాయన నన్ను వారించి, "ఐసులో పెట్టింది చెడదు కదండీ. అది మాకు మీరు చెప్పాలేటండీ?" అన్నాడు. ఐసుకీ గుండెకీ సంబంధం అది కాదని ఆయనతో వాదించే ఓపిక నాకు లేకపోయింది. అపోహే గూడెంవాళ్ళని తరిమింది, అపోహే లంకవాళ్ళని తెచ్చింది. ఆ పిల్ల బతికి, నడిచి ఇంటికి వెళ్ళింది. గుండెజబ్బు ఎవరికొచ్చినా ఏలూరే తీసుకెళ్ళాలని ఆ ఊరి పెద్దలు కట్టుబాటు చేశారు. ఒక లంకను చూసి ఇంకో లంక, వాళ్ళని చూసి ముదినేపల్లి వైపు రైతులు, అలా నెమ్మదిగా విభాగం నిలబడింది.

మా బావగారికి హైదరాబాదులో ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ కుట్లు విప్పించుకోవడానికి మాత్రం ఏలూరే వచ్చారు. ఆ తరవాత ఏళ్ళ తరబడి పరీక్షలకీ మా దగ్గరికే వచ్చి, నా గదిలో నా టీ తాగుతూ, నా రోగులకే హైదరాబాదు ఆసుపత్రి లిఫ్టుల వైభవం వర్ణించేవారు. వృద్ధాప్యంలో సుఖంగానే పోయారు. మంచి మనిషే. అయినా నేను మర్చిపోలేదు.

ఈ వానాకాలంలో అక్కయ్యకి ఆయాసం మొదలైందని విన్నాను. ఫోను వస్తుందని చూశాను. రాలేదు. మా ఆవిడ పోయాక ఇంట్లో ఒక్కణ్ణే కనుక, మోగని ఫోను కూడా నాకు బాగా వినిపిస్తుంది. పది రోజులు పోయాక మేనకోడలు చేసింది, అమ్మకి ఏలూరులోనే ఆపరేషన్ అయిపోయిందని, ఇంటికి కూడా వచ్చేశామని. "మీకు శ్రమ ఎందుకని చెప్పలేదు మావయ్యా. గుండె ఆపరేషనే గదా, అందరూ అక్కడే చేయించుకుంటున్నారు" అంది. ఆ మాట మా బావగారి నోట వినాలని ఎంత తపించాను! తీరా వింటే, అందులో నాకు చోటు లేదు.

గూడెం వెళ్ళాను. అక్కయ్య దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది, రంగు తేరుకుంది. నీకు మత్తు ఇచ్చిందెవరు అని అడిగాను. "ఎవరో కుర్రాడు తమ్ముడూ, మొహం గుర్తులేదు" అంది.

ఆ రోజుల్లో మాది ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎక్కడ చదివాం అని పదిసార్లు ఆరా తీస్తే గానీ ఎవరూ మాకు ఒళ్ళు అప్పగించేవారు కాదు. ఇప్పుడెవరూ ఏమీ అడగరు, నడిచి వచ్చి పడుకుంటారు, లేచి వెళ్ళిపోతారు. అడగనక్కర్లేని రోజు ఒకటి రావాలనే కదా మేము పడ్డ పాట్లన్నీ. వచ్చింది, సంతోషమే. మా అక్కయ్య ఒక్కతీ నన్ను అడిగి ఉంటే బాగుండేది.