ఇంటర్వెల్లో అప్పలనరసమ్మ అడిగిన మాట

కరోనా సద్దుమణిగి, కోటబొమ్మాళిలో మా సినిమా హాలు మళ్ళీ తెరిచిన రెండో ఏడు. అప్పటికే నేను ఆపరేటరుగా ముసలివాణ్ణైపోయాను. ఆపరేటరంటే బొమ్మ వేసేవాడు. ఒకప్పుడు రీళ్ళ డబ్బాలు రైల్లో దిగేవి, తెగిన ఫిలింకి సిమెంటనే జిగురు పూసి అతికించేవాళ్ళం. ఇప్పుడు హార్డ్ డిస్కు వస్తోంది. కంపెనీ పంపే ‘కీ’, అంటే కంప్యూటరు తాళం, పడితేగానీ బొమ్మ పడదు. నా చేతులకి పని తగ్గింది. బుర్రకి మాత్రం ఆ వేసవిలో వచ్చిన యుద్ధం సినిమా పెద్ద పనే పెట్టింది.

ఆ యుద్ధం నా చిన్నప్పటిది. దాని మీద తీసిన మొదటి సినిమా నేను పనిలో చేరిన కొత్తలో వేశాను. పక్కదేశంతో చేతులు కలుపుకుంటున్న రోజులవి. అందులో ఒక కొండ మీద శత్రువుల ఆఫీసరు, చనిపోయిన మన జవాను మీద దుప్పటి కప్పి సెల్యూట్ కొడతాడు. ఆడవాళ్ళు కొంగులు తడిపేసుకునేవారు. కొన్నేళ్ళకి అదే సినిమా మళ్ళీ వచ్చింది. ఈలోగా సరిహద్దులో మళ్ళీ గొడవలు. డిస్ట్రిబ్యూటరు మనిషి బూత్‌లోకొచ్చి, “ఆ సెల్యూట్ ముక్క లేపీ గురూ, జనం కుర్చీలు ఇరగ్గొడతారు” అన్నాడు. లేపేశాను. ఎందుకు లేదని ఎవడూ అడగలేదు కూడా.

ఈ కొత్త సినిమాలోనూ అదే యుద్ధం, అదే కొండ. ఆ ఆఫీసరు మాత్రం రాక్షసుడు. గాయపడ్డ జవానుని బూటుకాలితో తొక్కి పకపకా నవ్వుతాడు. అక్కడే ఇంటర్వెల్.

ఒకరోజు మేట్నీకి పక్క పల్లె నుంచి ఇద్దరు వచ్చారు. అప్పలనరసమ్మ భర్త ఆ యుద్ధంలోనే పోయాడు. ఆయన ట్రంకు పెట్టె ఇంటికొచ్చింది గానీ శవం రాలేదు. ఆవిడతో వచ్చినాయన సూర్యనారాయణ, మా అందరికీ హవల్దారు మావ. ఆవిడ భర్తతో ఒకే పటాలంలో ఉండి, ప్రాణాలతో తిరిగొచ్చిన మనిషి.

ఇంటర్వెల్లో నేను టీకి కిందకి దిగితే, ఆవిడ మెట్ల దగ్గర గోడ పట్టుకుని నిలబడిపోయింది.

“ఏటమ్మా, ఒంట్లో బాగోలేదా?”

“బాబూ, నువ్వు అప్పటి బొమ్మా ఏసినావు, ఇదీ ఏస్తన్నావు. ఏది నిజం? నా పెనిమిటికి దుప్పటి కప్పి దండం ఎట్టారని సూరి సెప్పాడు. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ బతికినాను. ఇప్పుడిదేటి, ఇలా తొక్కీసినారేటి?”

సినిమా కదమ్మా, అంతా కట్టుకథే అందామనుకున్నాను. మరి అప్పటిది కూడా కట్టుకథేనా అనడిగితే? ఆ మాట మానుకున్నాను. ఊరుకోలేక ఒకటడిగాను.

“హవల్దారు మావ నీకా మాట ఎప్పుడు చెప్పాడమ్మా?”

“ఆ పాత బొమ్మ సూసొచ్చిన మర్నాడు. అంతకు ముందు ఎంతడిగినా నోరిప్పనేదు.”

ఆ సినిమా ఆయన చేత నిజం చెప్పించిందా, లేక సినిమానే తెచ్చి ఆయన ఈవిడకి చెప్పాడా?

ఈలోగా ఆయనే టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. ఆవిడ ఆగలేదు.

“ఒరే సూరీ, నిజం సెప్పు. నువ్వు కళ్ళారా సూసినావా?”

ఆయన గ్లాసు మెట్టు మీద పెట్టాడు.

“నేదొదినా. నానేటీ సూడ్నేదు. అన్నకి గుండు తగిలింది. ఎనక్కొచ్చీమని ఆర్డరొచ్చింది, వచ్చీసాం. ఆ బొమ్మ సూసినాక అలాగే జరిగుంటాదిలే అనుకుని నీకు సెప్పీసినాను. సెప్పగా సెప్పగా నాకూ సూసినట్టే అయిపోనాది. ఇప్పుడిది సూత్తంటే ఇలాగే జరిగిందేమో అనిపిత్తన్నాది.”

“అయితే బతికుండగానే ఒగ్గీసొచ్చారా?”

“ఊపిరి ఉన్నాదో నేదో... అదీ తెల్దొదినా.”

ఆవిడ ఆయన్ని కొట్టేస్తుందేమో అని భయపడ్డాను. పైనుంచి మేనేజరు కేకలు, బెల్లు కొట్టాలి. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

“పద, లోపలికి పోదాం. ఈ బొమ్మలోనైనా ఆయన్ని ఎనక్కి తెచ్చుకుంటారేమో సూద్దాం.”

తెచ్చుకున్నారు. హీరో తూటాలకి ఎదురెళ్ళి, ఆ జవానుని భుజాన వేసుకుని తెచ్చాడు. హాలంతా ఈలలు, చప్పట్లు. బూత్ కిటికీలోంచి తొంగి చూశాను. తెర వెలుతురులో అప్పలనరసమ్మ కూడా చప్పట్లు కొడుతోంది. పక్కన హవల్దారు మావ తల ఎత్తలేదు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు తెలిసొచ్చిందేమిటంటే, యుద్ధం సినిమాలో శత్రువు మొహం అది తీసిన రోజులనిబట్టి ఉంటుంది. గద్దె మీద ఎవరున్నారు, వాళ్ళకి ఎవరితో స్నేహం, ఎవరితో పగ అన్నదే లెక్క. మనవాళ్ళు మాత్రం ఎవరి హయాంలోనూ తమ మనిషిని వదిలేసి రారు. హవల్దారు మావ మెట్ల దగ్గర చెప్పిన ముక్క నేను వేసిన ఒక్క సినిమాలోనూ లేదు. ఉంటే మాత్రం జనం చూస్తారా? ఆవిడ చూస్తుందా? ఏమో, ఆలోచిస్తే బుర్ర వాచిపోతుంది.

ఆట వదిలాక గేటు దగ్గర ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

“బాబూ, రేపు ఇంటర్వెల్ అయినాక వత్తాను. రెండో సగానికే. రానిత్తావా?”

రానిచ్చాను. ఆ సినిమా ఆడినన్నాళ్ళూ వచ్చింది, ఒక్కతే. ఆవిడకి మేలు చేశానో కీడు చేశానో, నాకిప్పటికీ తెలీదు.