నాకు రాని మరాఠీ

మా ఆయన తాతలు ఎప్పుడో మరాఠీ దేశం నుంచి కుట్టుపని చేసుకుంటా వచ్చి హిందూపురంలో నిలబడినారు. నాది ముదిగుబ్బ పక్కన పల్లె, సేద్యం చేసే ఇల్లు. ఆయన అంగడికి జాకెట్టు కుట్టించుకునేకి పోయి, చివరికి ఆయన్నే చేసుకుంటి. పెండ్లయినంక తెలిసింది, ఆయనకు నాకంటే ముందే ఇంకో సంసారం ఉండాదని. భయపడొద్దండి, అది వాళ్ల కుల సంఘం.

ధర్మవరంలో సంఘానికి సొంత బిల్డింగ్ ఉండాది. హిందూపురం, పెనుకొండ, ఇంకా యాడాడి వాళ్లో ఆదివారం ఆడ చేరతారు. బడులు తెరిచే ముందు లేనోళ్ల పిల్లోల్లకు ఊరికే యూనిఫారాలు కుట్టిస్తారు. మంచి పనే, నేను కాదనను. కానీ ఉగాదికి తెచ్చుకున్న నా జాకెట్టు గుడ్డ మాత్రం మిషను పక్కన మడత విప్పకుండా అట్లే పడుండాది. "ఏమప్పా, నేనూ గవర్నమెంటు బడిలో చేరితే కుడతావా?" అంటే ఇకిలిస్తాడు. సంఘంలో నవ్వే నవ్వు వేరే. మరాఠీలో ఏందో అనుకుంటారు, పొట్ట పట్టుకోని నవ్వుతారు. నాకు కడుపు మండిపోతాది.

ఇన్నేండ్లలో నువ్వూ నేర్చుకోలేదా అంటారేమో. నేర్చుకోలే. కావాలంటే వాళ్లే నాతో తెలుగులో మాట్లాడనీ అని పంతం.

అంతవరకూ ఓర్చుకుంటి. మన మాట మన పిల్లోల్లకే రాకుండా పోతాందని సంఘమోళ్లు ఆదివారం క్లాసులు పెట్టినారు. మా ఆయన మా పాపనూ పిల్చుకోని పోయినాడు. కొన్నాళ్లకే అన్నం కాడ నాయనా బిడ్డా మరాఠీలో గుసగుసలు. మా అత్త కూడా కలిసింది. నేను చారు పోస్తా నిలబడుకుంటే, నా ఇంట్లో నేనే చుట్టపుదాన్నయిపోయినా. ఒక రోజు నేను బెల్లం పూర్ణం పెట్టి చేసిన ఓళిగ తింటా పాప "పూరణపోళి బాగుంది మా" అనింది. నా ఓళిగకూ మరాఠీ పేరు పెట్టిందని తట్ట గుంజుకున్నా. తినే బిడ్డ ముందర లాక్కుంటావా అని అత్త తిట్టింది. తిట్టనీ.

మొన్న సంఘం వార్షికోత్సవం. పిల్లోల్లంతా వాళ్లమ్మ గురించి మరాఠీలో మాట్లాడాలంట. పాప మైకు ముందర నిలబడింది. చేతిలో కాగితం కూడా లేదు. ముందు అందరూ నవ్వినారు. పోనుపోను హాలంతా గమ్మునయిపోయింది. నన్ను ఒక్క దినమూ మెచ్చుకోని మా అత్త, కొంగుతో కండ్లు తుడుచుకుంటా నా చెయ్యి పట్టుకునింది.

"ఏమనింది అత్తా?" అన్నా.

"ఉండు మే, విననీ" అనింది.

అందరూ చప్పట్లు కొట్టినారు. ఎందుకో తెలీకుండానే నేనూ కొట్టినా.

బస్సులో పాపను పక్కన కూర్చోబెట్టుకున్నా. "ఏం చెప్పినావే నా గురించి? ఇప్పుడు తెలుగులో చెప్పు" అన్నా. పాప మొగమంతా ఎర్రగా అయిపోయింది. "నీ ముందర చెప్పాలంటే సిగ్గేస్తాది మా" అని కిటికీ పక్కకు తిరుక్కునింది. మా ఆయన్ను అడిగితే, "అది చెప్పినట్ల నేను చెప్పలేను" అన్నాడు.

ఆ హాల్లో కూర్చున్న ప్రతి ఒక్కరి మీదా నాకు కుళ్లే. నా బిడ్డకు నేనంటే ఏందో గేటు కాడి వాచ్‌మన్‌తో సహా ఆడ అందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలీదు.