లాంచీ ఎక్కని రోజు

1978. ఉప్పెన వచ్చి పోయిన మరుసటి ఏడు. నాగాయలంక రేవులో ఒక ప్రైవేటు లాంచీ సర్వీసులో నేను సరంగుని, అంటే లాంచీ నడిపేవాణ్ణి. చదువు ఐదో క్లాసుతో సరి. బడి నన్ను వదిలిందో, నేను బడిని వదిలానో మా మాస్టారికీ నాకూ ఇంకా తేలలేదు. నోరు మాత్రం పెద్దది కాబట్టి మావాళ్ళు నన్ను యూనియన్ సెక్రటరీని చేశారు.

లంకల నుంచి ధాన్యం, ఎండుచేపలు, పెళ్ళివారు, అందరూ అన్నీ మా లాంచీల్లోనే వచ్చేవి. ఉప్పెన తర్వాత చేలల్లో ఉప్పు మిగిలింది, ధాన్యం మిగల్లేదు. లాంచీలు గుంజకి కట్టిన గేదెల్లా రేవులో నిలబడిపోయాయి. యజమాని రంగారావు గారు కొందరిని లే ఆఫ్ చేశారు. లే ఆఫ్ అంటే ఉద్యోగం పోవడం కాదు. పనిలేదు, సగం జీతం తీసుకుని ఊరుకో అని. రోజూ పొద్దున్నే రేవుకొచ్చి హాజరు మాత్రం వేయించుకోవాలి. అలా దిగినవాళ్ళలో అందరికంటే సీనియర్ మస్తాన్, అతని వెనక నేను.

ఉప్పెనకి ముందే మేం యజమానితో అగ్రిమెంటు చేసుకోవడం మా అదృష్టం. పని తగ్గితే చివర చేరినవాడు ముందు దిగాలి. పని పెరిగితే దిగినవాళ్ళలో సీనియర్ ముందు ఎక్కాలి. దీన్ని రీకాల్ అంటారు. దిగినవాళ్ళందరూ ఎక్కేదాకా బయటివాడు చుక్కాని ముట్టుకోకూడదు.

ఆ షరతు పట్టుబట్టి పెట్టించింది మస్తానే. బందరువాడు. బస్తాలు ఎక్కువెక్కించారని ఒకసారి యజమాని ముందే లాంచీ కదపనని కూర్చున్నాడు. అప్పట్నుంచీ ఆయనకి కంట్లో నలుసు.

ఎండాకాలంలో ఒకరోజు, లంకలో కట్టే బడికి సిమెంటు చేర్చాలని ఒక కంట్రాక్టరు వచ్చాడు. నెలల తర్వాత తగిలిన మొదటి బేరం. మస్తాన్ లేచి లుంగీ దులుపుకున్నాడు. ఇంతలో యజమాని జీపులోంచి కొత్త డ్రైవరు దిగాడు. గుడివాడ నుంచి తెచ్చారు, పేరు కోటయ్య. ఇంజనంటే ఇంజనే గదా అని ఆయన లెక్క. కోటయ్య లాంచీ ఎక్కి, చుక్కాని ముందు నిలబడి, కాళ్ళకింద వెతుక్కున్నాడు.

“బ్రేకెక్కడుందండీ?” అని నన్నడిగాడు.

“గుడివాడలో మర్చిపోయొచ్చావేమో చూసుకో బావా. ఇంతకీ నువ్వు నడిపేదేంటి?”

“ధాన్యం లారీ అండీ.”

“ఇక్కడ హారన్ కొడితే చేపలు తప్పుకోవు మరి.”

రేవంతా నవ్వింది. మస్తాన్ నవ్వలేదు. “బావా, ఇవాళ ఇతను నడిపాడా, మన అగ్రిమెంటు ఇంక పకోడీలు కట్టుకోడానికే. నన్నిక ఎప్పటికీ పిలవరు,” అన్నాడు మెల్లగా.

కోటయ్యని టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్ళి సంగతంతా చెప్పాను. గ్లాసు సగంలో ఆపేశాడు.

“అయితే ఈ సీటుకి మనిషున్నాడా?”

“అదిగో, ఆ గళ్ళ లుంగీ.”

“నాతో సరంగులు దొరకట్లేదన్నారండీ. మా లారీలవాళ్ళకీ ఇదే వరస. ఇవాళ నేనాయన సీట్లో కూర్చుంటే, రేపు నా సీట్లో ఇంకెవడో కూర్చుంటాడు.” గ్లాసు బల్లమీద పెట్టేశాడు. “గుడివాడ బస్సు ఎన్నింటికండీ?”

అప్పటికి పోటు మీదున్న నీరు వెనక్కి తిరగబోతోంది. పాటు మొదలైతే లోతు తగ్గి, బరువుతో ఉన్న లాంచీ ఇసుకలో కూర్చుంటుంది. కంట్రాక్టరు గోల పెడుతున్నాడు. యజమాని నన్ను పక్కకి పిలిచారు.

“వెంకటేశ్వర్లూ, నువ్వెక్కవయ్యా. పూర్తి జీతం. ఇంక దింపను.”

ఇంట్లో నూకల జావతో నడుస్తున్న రోజులు. నిజం చెప్పొద్దూ, కాలు లాంచీ వైపు లాగింది.

“ఎక్కుతానండీ. నాకంటే ముందువాణ్ణి ఎక్కించాక.”

“వాడు తప్ప ఎవడైనా సరే!”

“అయితే మీరే నడపండి బాబుగారూ. బ్రేకు సంగతి కోటయ్యగారు చెబుతారు.”

ముందు నవ్వింది కంట్రాక్టరే. రేవులో ఒక మెట్టు తడిగా బయటపడింది. యజమాని దాని వంక చూశారు, బస్తాల వంక చూశారు. చివరికి గొంతెత్తి కేకేశారు.

“మస్తాన్! డ్యూటీకి రా!”

“వస్తున్నానండీ,” అన్నాడు మస్తాన్, రోజూ పిలిచే పిలుపే అన్నట్టు. లాంచీ ఎక్కి ముందు బస్తాలు చూశాడు. “కొన్ని దింపాలండీ,” అన్నాడు. యజమాని నోరెత్తకుండా దింపించారు.

మా రేవులో ఒక అలవాటుంది. కట్టుతాడు విప్పేది లాంచీ ఎక్కేవాడు కాదు, గట్టున మిగిలేవాడు. విప్పాను. ముడి బిగుసుకుపోయి ఉంటే, బస్సు పోతుందన్న ధ్యాస లేకుండా కోటయ్య కూడా ఓ చెయ్యి వేశాడు. లాంచీ మలుపు తిరిగేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

చేలు కోలుకుని ధాన్యం కదిలాక నా పేరూ వరసలోనే వచ్చింది. ఆ పొద్దు తాడు విప్పింది నా వెనకవాడు.

పని నిండుగా ఉన్నప్పుడు ఎవరి వంతు ఎవరిదని ఎవరూ అడగరు. పని కరువైనప్పుడే మన సంతకానికి ఎంత బలముందో తెలుస్తుంది. తర్వాత చాలా ఏళ్ళు లాంచీ నడిపాను. గాలివానల్లో జనాన్ని ఒడ్డుకి చేర్చిన రోజులున్నాయి. అయినా, సరంగుగా నువ్వు గర్వపడ్డ రోజేదని ఎవరడిగినా నేను చెప్పేది ఇదే. ఆ రోజు నేను లాంచీ ఎక్కలేదు.