మూడో వరుసలో టిక్కు

ఆరేళ్లయింది. మా ఆయన తమ్ముడు రంగప్ప అన్నం తింటూ నా ముఖంలోకి చూస్తే, నేను పొయ్యి వైపు తిరిగిపోతాను. ఎందుకో అతనికి తెలియదు. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకు చెప్తాను, వినండి.

రంగప్ప ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. శెనక్కాయల మిషన్‌లో పోయాయి. మా వల్లూరు చేను సోలార్ పార్కు కిందికి పోయాక, అక్కడే కాపలా పని దొరికింది. పాత కంప్యూటరొకటి తెచ్చుకుని విమానాలు యుద్ధం చేసే ఆట ఆడేవాడు. కుడి చేతిలో జాయ్‌స్టిక్కు, ఎడమ చేతి కింద ఇంజన్ మీట, కాళ్ల కింద పెడళ్లు. ఆ ఆటలో విమానం ఒక్కోసారి అదుపు తప్పి గిరగిరా తిరుగుతూ పడిపోతుంది. ఇంజన్ తగ్గించాలి, తిరిగే వైపుకు ఎదురు కాలు తొక్కాలి, స్టిక్కు ముందుకు నెట్టాలి, తిరగడం ఆగాక మెల్లగా లాగాలి. అతను పాఠంలా చెప్పుకుంటుంటే, సంగటి కెలుకుతూ నాకూ నోటికొచ్చింది.

పదిసార్లలో నాలుగుసార్లు విమానం మళ్లీ పైకి తేలేది. ఆ చేత్తోనే.

“ఈ చెయ్యి మాట వింటాంది వదినా. ప్యానెళ్లు కడిగే ట్రాక్టరుకు డ్రైవరుగా అడుగుతా” అన్నాడు.

కానీ పడిన ప్రతిసారీ అన్నం మానేసేవాడు. ఒకరోజు నాకు ఓర్పు పోయింది. నాకు ఇంగ్లీషు చదవడం రాదు. చూసింది మరిచిపోవడమూ రాదు. ఆటలో విమానం అసలు విమానంలాగే కష్టంగా నడిచేలా పెట్టుకోవడానికి అతను ఎక్కడ నొక్కాడో, మూడో వరుసలో ఏ గడిలో టిక్కు పెట్టాడో గుర్తుంది. అతను స్నానానికి పోయినప్పుడు ఆ టిక్కు తీసేశాను.

అప్పటినుంచి ఎలా లాగినా విమానం తేలింది. రంగప్ప రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. నేను మురిసిపోయాను. ప్రేమేనా అది? ఇల్లు ప్రశాంతంగా ఉంటే చాలనుకున్నానా? నెల తిరిగేసరికి అతని కాలూ చేయీ ఆ పాత పాఠం మరిచిపోయి గట్టిగా లాగడానికే అలవాటు పడ్డాయి. అతనికది తెలియలేదు, పక్కన కూర్చుని చూస్తున్న నాకు తెలుసు.

ఒక ఆదివారం తోటి కాపలావాళ్లను పిలిచి, వాళ్ల ముందు బెంగళూరు జట్టుతో నెట్‌లో ఆడాడు. ఆ జట్టువాళ్లు అందరికీ అసలు విమానంలా నడిచే ఆటే పెట్టారు. మొదటి తిరుగుడుకే నేలకు కొట్టుకుంది. మళ్లీ. మళ్లీ.

“ఏంది రంగప్పా, శెనక్కాయలు ఇత్తేదానికి దిగినావా?” అని ఒకడు నవ్వాడు.

రంగప్ప వాళ్లను వీధి దాకా సాగనంపి వచ్చేలోపు, నేను టిక్కు మళ్లీ పెట్టేశాను. అతను వచ్చి వరుసలన్నీ చూశాడు, టిక్కు ఉండాల్సిన చోటే ఉంది.

“వదినా, దీన్ని ఎవురన్నా ముట్టుకున్నారా?”

“ఎవురు ముడతారప్పా? నాకేమన్నా ఇంగ్లీషు వస్తాదా?”

“నిజమేలే.” ఎడమ చేతిని తిప్పి చూసుకున్నాడు. “అయితే ఇదే పనికి రాకుండా పోయుండాది.”

టిక్కు తీయడం తెలివితక్కువ. ఈ జవాబు మాత్రం పాపం.

ఆ వారమే కంప్యూటరూ స్టిక్కూ పెడళ్లూ అన్నీ అమ్మేశాడు. ట్రాక్టరు పని అడగనే లేదు. ఇప్పటికీ ఆ ట్రాక్టరు వస్తే గేటు తీసి, ఎడమ చేయి జేబులో పెట్టుకుని పక్కకు నిలబడతాడు.

అతనితో ఎప్పుడు చెప్తానో తెలియదు. మీతోనైనా చెప్పాను, ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ చేయి మంచిదే. తప్పు నా చేతిది.