డబ్బాలో బోరు నీళ్లు

"నా డిస్టిల్డ్ వాటర్ డబ్బల బోరు నీళ్లు పోసింది ఎవరు?" అని మనవరాలు తల్లి మీదికి వచ్చింది.

"నీళ్లే గదనే. గంత లొల్లి ఎందుకు?" అంది నా కోడలు.

"నీకు నీళ్లే. మా మేడం నన్ను దొంగ అంటుంది. మూడు గంటలు పట్టేది అరగంటల అయిందట, చాటుగ ఏదో కలిపిన్నట. ప్రాజెక్టుల నుంచి తీసేస్తనన్నది."

మనవరాలు సిద్దిపేటలో కెమిస్ట్రీ చదువుతోంది. ప్రాజెక్టు కోసం కొని ఇంట్లో పెట్టుకున్న ఆ డబ్బానే కాలేజీకి తీసుకుపోయింది. రెండు మందులను ఏ ఉప్పూ లేని ఉత్త నీళ్లలో కలిపితే మూడోది తయారవుతుందట. తొందరపెట్టే మందు చిటికెడు కూడా వేయకుండా అది చేసి చూపించాలి. మా బోరు నీళ్లు కాగబెడితే గిన్నెకు సున్నం కడుతుంది. ఆ నీళ్లలోని ఉప్పే తొందరపెట్టింది.

పోసింది నేను. ఇన్వర్టర్ బ్యాటరీ ఎండిపోతే, కొనడమెందుకని మనవరాలి డబ్బాలోంచి పోసి, తగ్గినంత బోరు నీళ్లతో నింపాను. బ్యాటరీకి బోరు నీళ్లు పడవని తెలుసు. చదువుకు పడవని తెలియదు.

అంతలో లొల్లి విని కొడుకు వచ్చాడు. "ఇంట్ల ఉండేది నువ్వే గదా," అని పెళ్లాం చెంప మీద కొట్టాడు. "నేను ముట్టలే," అందామె. డబ్బా విసిరాడు. కనుబొమ్మ చిట్లి రక్తం కారింది. నేను వంటింటి గడప మీద నిలబడే ఉన్నాను. కొడుకు ముందు తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. జుట్టు పట్టి ఆమె తలను గోడకు కొట్టాడు. అడ్డం పోయిన బిడ్డ చెయ్యి మెలిపెట్టాడు. అప్పుడు రొట్టెల కర్ర తీసుకుని వాడి భుజం మీద రెండు దెబ్బలు వేశాను. వాడు నా మీదికి చెయ్యెత్తాడు.

"నీళ్లు పోసింది నేను. కొడితే నన్ను కొట్టు," అన్నాను.

చెయ్యి దించి బయటికి పోయాడు. కోడలు నా వైపు చూసింది. ఆ పూట ఎవరూ తినలేదు.

తెల్లారి మనవరాలితో ఆటోలో కాలేజీకి పోయాను. "నీళ్లు మార్చింది నేనమ్మా. పిల్ల ఏం కలపలే," అని మేడంతో చెప్పాను. ఆమె కొత్త డబ్బా మూత తీయించి, తన ముందే మళ్లీ చేయించింది. నేను వరండా బెంచీ మీద కూర్చున్నాను. మూడు గంటలు పట్టింది. పిల్ల పేరు తీసేయనని మేడం చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి కోడలు లేదు. నుదుటికి పట్టీ వేయించుకుని, చేర్యాల బస్సెక్కి తల్లిగారింటికి పోయిందట.